నరము వినే ఊఁ, ఊహూఁ

బావి గట్టున నిలబడి చేదతో నీళ్లు తోడే మనిషి చేతులను ఎప్పుడైనా గమనించారా? మోచేయి ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, మరల ముడుచుకుంటుంది. తోడేవారు పక్కవారితో మాట్లాడుతూనే పది చేదలు తోడేస్తారు. ఇందులో పెద్ద విశేషమేమున్నది అనిపించవచ్చు. అయితే మోచేతిని ముడిచే కండ జబ్బకు ముందువైపున ఉన్నది, దానిని చాచే కండ వెనుకవైపున ఉన్నది. రెండూ ఎదురెదురుగా లాగేవే. ఒకేసారి రెండూ బలముగా లాగితే చేయి అటూ పోదు, ఇటూ రాదు, కొయ్యబారి నిలిచిపోతుంది. గనుక ముందు కండకు "లాగు" అనే ఆజ్ఞ వెళ్లిన ప్రతిసారీ వెనుక కండ సడలి ఊరుకోవాలి.

ఆ వెనుక కండను ఊరుకోబెట్టేది ఎవరు? "ఆగు" అని చెప్పే నరమొకటి దానికి వేరుగా ఉంటుందని తలంచడము సహజమే. పీతల కండలకు అటువంటి నరము ఉన్నది కూడా. కాని మన చేతి కండలకుగాని కాలి కండలకుగాని అది లేదు. వాటికి చేరే ఆజ్ఞ ఒక్కటే, "లాగు". ఆజ్ఞ వస్తే లాగుతాయి, రాకపోతే ఊరుకుంటాయి. కాబట్టి ఆ ఆజ్ఞను ఇవ్వాలా వద్దా అనే తీర్మానమంతా కండ దాకా రాకముందే, వెన్నుపాములో, ఒక్కొక్క నాడీకణము మీద జరిగిపోవాలి. ఈ నెల మనము తెలుసుకోబోయేది ఆ తీర్మానము గురించే. అది చెడిపోతే మనిషికి ఏమౌతుందో మన పల్లెలవారికి చిరకాలముగా తెలుసు. దానికి మన పెద్దలు ధనుర్వాతము అని పేరు పెట్టారు.

చెట్టువంటి కణము

వెన్నుపాములో నుండి కండలకు ఆజ్ఞలు పంపే కణములను చాలక నాడీకణములు అంటారు. వాటి కణదేహము కంటికి ఆనదు. కాని దానిలో నుండి బయలుదేరే ఆక్సాన్ అనే సన్నని పోగు నడుము నుండి పాదము దాకా, సుమారు ఒక మీటరు పొడవు పోగలదు. ఆజ్ఞ బయటకు పోయేది దాని వెంటనే. ఇక కణదేహము చుట్టూ చెట్టుకొమ్మలవలె చీలి, ఆ చీలికలు మరల చీలి, ఒక మిల్లీమీటరుకు పైగా వ్యాపించి ఉండేవి డెండ్రైట్లు. గ్రీకు భాషలో చెట్టు అనే మాట నుండి ఆ పేరు వచ్చింది. చాలక నాడీకణపు పైతలమంతా కొలిస్తే అందులో పదింట తొమ్మిది వంతులు ఈ డెండ్రైట్లదే. అంటే ఈ కణము మాట్లాడే నోరు ఒక్కటే, వినే చెవులు మాత్రము ఒళ్లంతా ఉన్నాయన్నమాట. ఆ కొమ్మల మీద ఇతర నాడీకణముల కొసలు పదుల వేల సంఖ్యలో వచ్చి ఆనుకుంటాయి.

ఈ చెట్లను మొదట విడివిడిగా, స్పష్టముగా చూచినవారిలో ముఖ్యుడు స్పెయిన్ దేశస్థుడు సాంటియాగో రామోన్ కహాల్. ఆయన 1852లో పుట్టారు. చిన్ననాట చిత్రకారుడు కావాలని ఆశపడ్డారు గాని వైద్యుడైన తండ్రి అది పడనివ్వలేదు. 1887లో మాడ్రిడ్ నగరములో ఆయన ఒక స్నేహితుని ఇంట వెండి ఉప్పుతో రంగు వేసిన మెదడు పొరలను చూశారు. ఇటలీ దేశస్థుడు కమిల్లో గోల్జీ 1873లో కనిపెట్టిన పద్ధతి అది. అందులో కణములన్నిటికీ రంగు అంటదు. ఎక్కడో ఒకటి రెండింటికి మాత్రమే అంటుతుంది, అంటినదానికి కొస కొమ్మ దాకా నల్లగా అంటుతుంది. కిక్కిరిసిన అడవిలో ఒక్క చెట్టుకు మాత్రమే మసి పూసినట్టు. కహాల్ వాటిని చూస్తూ బొమ్మలు గీశారు. తండ్రి వద్దన్న చిత్రకళ అక్కడ పనికి వచ్చింది. నాడీకణములు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన వల కావు, దేనికది వేరు అని 1888లో ప్రకటించారు. సంకేతములు డెండ్రైట్ల గుండా లోపలికి వచ్చి, ఆక్సాన్ గుండా బయటకు పోతాయని తరువాత చెప్పారు. 1906లో ఆయనకు, గోల్జీకి కలిపి నోబెల్ బహుమానము ఇచ్చారు. ఆ సందర్భములో గోల్జీ తన ప్రసంగమును కహాల్ చెప్పినది తప్పని నిరూపించడానికే వాడుకున్నారు. బహుమానము పంచుకున్నవారు ఒకరినొకరు ఒప్పుకోవాలని ఎక్కడా లేదు గదా!

ఒక కణపు కొస మరొక కణపు డెండ్రైటును ఆనుకునే చోట సన్నని ఎడము ఉంటుంది. దానికి 1897లో సినాప్సు అని పేరు పెట్టినవారు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్. ఒక కండ లాగినప్పుడు దానికి ఎదురు కండ సడలుతుందని, ఆ సడలింపు వెన్నుపాములోనే జరిగే పని అని శ్రద్ధగా నిరూపించినవారు కూడా ఆయనే. డాక్టరుగారు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగురుతుంది. అప్పుడు తొడ ముందు కండకు "లాగు" అనే ఆజ్ఞ వెళ్తుంది, తొడ వెనుక కండను పలికించే కణములకు అదే క్షణములో "వద్దు" అనే మాట చేరుతుంది.

చెరువు, అలుగు, గండి

నాయనమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు. వద్దనుకుంటే ఊహూఁ అంటారు. నాడీకణము డెండ్రైట్ల మీదికి వచ్చే మాటలు కూడా ముఖ్యముగా ఈ రెండే. వచ్చిన కొస గ్లూటమేట్ అనే రసాయనమును వదిలితే అది ఊఁ. వెన్నుపాములో గ్లైసిన్ అనే రసాయనమును వదిలితే ఊహూఁ. చక్కెరకన్న సాదా పదార్థమైన ఈ గ్లైసిన్ మన ఆహారములోని మాంసకృత్తులలో కూడా ఉంటుంది.

వేల మంది ఒకేసారి ఊఁ, ఊహూఁ అంటుంటే కణము లెక్క ఎట్లా తేలుస్తుంది? మన ప్రాంతపు చెరువును తలచుకుంటే ఇది సులభముగా బోధపడుతుంది. గుట్టల మీద పడిన వాన చిన్న చిన్న వాగులై, వాగులు కలిసి పెద్ద వాగులై చెరువులోనికి దిగుతాయి. చెరువు నిండితే అలుగు పారుతుంది. ఆ నీరు కింది చెరువుకు పోతుంది. వాగులు డెండ్రైట్లు, చెరువు కణదేహము, అలుగు ఆక్సాన్ మొదలు, కింది చెరువు తరువాతి కణము అనుకోండి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు చూచినవారికి ఇక వేరే బొమ్మ అక్కరలేదు.

ఇక్కడ నీటికి బదులు విద్యుత్తు. ఊరకున్న నాడీకణము లోపల బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ ఉంటుంది. టార్చిలైటులో వేసే ఒక బ్యాటరీ 1,500 మిల్లీవోల్టులు గనుక ఇది ఎంత స్వల్పమో ఊహించుకోవచ్చు. ఆ లోటులో ఒక 10, 15 మిల్లీవోల్టులు పూడితే చాలు, అలుగు పారుతుంది. కాని ఒక నరపు పోగు పలికే ఊఁ చాలక కణదేహములో పూడ్చేది మిల్లీవోల్టులో పదో వంతు ప్రాంతమే, అదీ సెకనులో వందో వంతు గడిచేసరికి చాలావరకు ఇంకిపోతుంది. కాబట్టి వందకు పైగా ఊఁలు దాదాపు ఒకే సమయములో కలిసి రావాలి. ఒక్కరి మాట మీద ఈ కణము ఎన్నడూ కదలదు. ఒక చోట మాత్రము మన పోలిక చెల్లదు. చెరువు అలుగు కొంచెము పారవచ్చు, ఎక్కువ పారవచ్చు. నాడీకణము పలికితే నిండుగా ఒకే తీరున పలుకుతుంది, లేకపోతే అసలు పలకదు.

ఊహూఁ సంగతి చూద్దాము. అది నీరు పోయకపోవడము కాదు, గండి కొట్టడము. గ్లైసిన్ తగిలిన చోట కణపు పొరలో క్లోరైడు పోయే ద్వారములు తెరుచుకుంటాయి, అటుగా వచ్చిన ఊఁ అక్కడే కారిపోతుంది. ఆ గండి ఎక్కడ పడిందనేది చాలా ముఖ్యము. చివరి పిల్లవాగులో పడితే ఆ ఒక్క వాగు నీరే పోతుంది, మిగతా వాగులు యథాప్రకారము పారుతాయి. చెరువు ముఖద్వారము దగ్గర పడితే పై నుండి వచ్చే నీరంతా పోతుంది. మోకాలి దెబ్బకు ఎదురు కండను ఊరుకోబెట్టే ఊహూఁలు చాలావరకు కణదేహమునకు దగ్గరలోనే పడతాయి. తక్కువ మాటతో ఎక్కువ పని జరిగే చోటు అదే.

ఈ ఊహూఁను మొదట కొలిచి చూచినవారు జాన్ ఎక్లిస్, ఆయనతో బ్రాక్, కూంబ్స్ అనేవారు. చోటు న్యూజీలాండులోని డునెడిన్ పట్టణము, సంవత్సరము 1951. మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్న సన్నని కొన గల గాజుగొట్టమును పిల్లి వెన్నుపాములోని ఒక చాలక నాడీకణము లోపలికి దింపారు. అంతకుముందు చాలా సంవత్సరములు ఎక్లిస్ సినాప్సులో ఎడము దాటేది విద్యుత్తే గాని రసాయనము కాదని గట్టిగా వాదించేవారు. అది నిజమైతే ఊహూఁ పలికినప్పుడు వోల్టేజి ఒక వైపు జరగాలి. అది సరిగ్గా ఎదురు వైపు జరిగింది! ఎక్లిస్ తన వాదమును అప్పటికప్పుడు వదిలేసి, అటు తరువాత రసాయన పక్షమునే బోధించారు. 1963లో ఆయనకు నోబెల్ బహుమానము లభించింది. పట్టిన పట్టు విడువడము పండితులకు ఎంత కష్టమో ఎరిగినవారికి ఈ మనిషి మీద గౌరవము కలుగుతుంది.

అయితే అదే ఎక్లిస్ మరొక సంగతిలో మాత్రము పొరబడ్డారు. డెండ్రైట్ల దూరపు కొమ్మల మీద పడే మాటలు కణదేహము చేరేలోగా ఇంకిపోతాయి, వాటిని లెక్కలోనికి తీసుకోనక్కరలేదు అనుకున్నారు. ఆయన దగ్గర కొంతకాలము పని చేసిన విల్ఫ్రిడ్ రాల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఇందుకు ఒప్పుకోలేదు. రాల్ కత్తి పట్టలేదు, లెక్క పట్టారు. సముద్రము అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలలో సంకేతము ఎంత దూరానికి ఎంత తగ్గుతుందో లెక్కగట్టే సూత్రములను తీసుకొని డెండ్రైట్లకు వర్తింపజేశారు. దూరపు మాట తగ్గుతుంది, ఆలస్యమౌతుంది గాని పోదు, అన్నీ కలిస్తే దాని బలము తక్కువేమీ కాదు అని 1959లో చూపించారు. 1964లో ఇంకొక మాట అన్నారు. ఒకే కొమ్మ మీద నాలుగు చోట్ల నాలుగు ఊఁలు పడుతున్నాయి. కొస నుండి మొదలు వైపుగా వరుసగా పడితే కణము గట్టిగా కదులుతుంది. మొదలు నుండి కొస వైపుగా పడితే అంత కదలదు. మాటలు అవే, వరుస వేరు, ఫలితము వేరు.

రైతులకు ఇది వింత కాదు. దూరపు తూము ముందు తెరిచి, తరువాత నడిమి తూము, చివరకు దగ్గరి తూము తెరిస్తే మూడు నీళ్లూ ఒక్కసారే వచ్చి చెరువులో పడతాయి. దగ్గరిది ముందు తెరిస్తే దూరపు నీరు వచ్చేసరికి ముందు వచ్చినది ఇంకిపోయి ఉంటుంది. రాల్ కాగితము మీద చెప్పిన ఈ సంగతిని లండనులోని పరిశోధకులు 2010లో ఎలుక మెదడు కణము మీద, ఒకే డెండ్రైటు వెంబడి చుక్క చుక్కగా కాంతి ప్రసరించి గ్లూటమేట్‌ను విడుదల చేసి, కన్నులార చూశారు. అప్పటికి రాల్ వయస్సు 80 దాటింది. ఆయన 2018లో మరణించారు. డెండ్రైట్లు ఊరకే నీరు మోసే వాగులు మాత్రమే కావని, కొన్ని కణములలో అవి తమంతట తామే చిన్న అలలు లేపగలవని తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి. 2020లో మనుష్యుల మెదడు కణములలోనే అటువంటి అలలను చూశారు. అది మరొక నెలకు సరిపడే సంగతి గనుక ఇక్కడ ఆపుదాము.

చెవికి అడ్డు, నోటికి కట్టు

మన తూర్పు కనుమల అడవులలో ముష్టి చెట్టు ఉంటుంది. కొన్ని చోట్ల ముషిడి అంటారు. నారింజ రంగు పండు, లోపల బొత్తాముల వంటి చదునైన గింజలు, భరింపరాని చేదు. ఆ గింజలలో ఉండే విషము పేరు స్ట్రిక్నిన్. దీనిని ఇదే జాతికి చెందిన మరొక చెట్టు గింజల నుండి 1818లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞులు పెల్తియే, కవాంటు వేరు చేశారు. ఎలుకల మందుగా చాలాకాలము వాడేవారు. ఈ విషము చేసే పని, డెండ్రైట్ల మీద, కణదేహము మీద గ్లైసిన్ వచ్చి తగలవలసిన చోటును తాను ఆక్రమించడము. ఊహూఁ అనే మాట వస్తూనే ఉంటుంది, కణము చెవికి మాత్రము అడ్డు పడింది. ఊఁ ఒక్కటే వినబడుతుంది. చప్పుడు చేసినా, ఒంటి మీద చేయి వేసినా ఒళ్లంతా ఎగిరి బిగుసుకుపోతుంది.

ధనుర్వాతములో చెవి బాగానే ఉంటుంది. అక్కడ కట్టు పడేది చెప్పేవారి నోటికి.

ఈ రోగమును కలిగించే సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో విత్తనము వంటి గట్టి గుల్లలో దాగి ఏండ్ల తరబడి ఉంటుంది. నీళ్లు కాగినంత మాత్రాన అది చావదు. గాలి తగలని లోతు గాయములో పడితే మొలకెత్తి విషమును పుట్టిస్తుంది. ఇనుప మేకు తుప్పు వలన ధనుర్వాతము వస్తుందని మనవారు నమ్ముతారు. తుప్పులో ఏమీ లేదు. మేకుకు అంటిన మట్టిలో, అది చేసిన లోతు రంధ్రములో ఉన్నది అసలు సంగతి. తుమ్మ ముల్లయినా అంతే, పారకొస అయినా అంతే.

ఆ విషము ప్రయాణమును చూడండి. గాయము దగ్గరి కండలో చాలక నరపు కొసలోనికి అది జొరబడుతుంది. ఆజ్ఞ కిందికి వచ్చే ఆక్సాన్ వెంటనే తాను ఎదురు ఎక్కుతూ పోయి వెన్నుపాములోని కణదేహము చేరుతుంది. ఆ కణమునకు అది చేసే హాని అంతగా లేదు. అక్కడి నుండి సినాప్సు ఎడమును వెనుకకు దాటి, ఊహూఁ పలికే కణపు కొసలోనికి పోతుంది. అంటే వినే కణము గుండా వచ్చి, చెప్పే కణమును పట్టుకుంటుంది. గ్లైసిన్ చిన్న చిన్న బుడగలలో నిలువ ఉంటుంది, ఆ బుడగలు పొరకు అతుక్కొని పగిలితేనే అది బయటపడుతుంది. బుడగను పొరకు బిగించే ఒక మాంసకృత్తిని ఈ విషము కత్తిరించివేస్తుందని 1992లో కనుగొన్నారు. బుడగలు నిండుగానే ఉంటాయి, పగలవు. ఊహూఁ అనే మాట పెదవి దాటదు.

ఇక డెండ్రైట్ల మీద గండి పడదు. వచ్చిన ప్రతి ఊఁ చెరువులోనికే చేరుతుంది, అలుగు ఆగకుండా పారుతుంది. ఎదురెదురు కండలు రెండూ ఒకేసారి లాగుతాయి. అప్పుడు బలమైనది గెలుస్తుంది. నోరు తెరిచే కండలకంటే మూసే కండలు బలమైనవి గనుక దవడ బిగుసుకుపోతుంది. ముందుకు వంచే కండలకంటే వీపును నిలబెట్టే కండలు బలమైనవి గనుక మనిషి వెనుకకు విల్లువలె వంగిపోతాడు. ధనుస్సు అని మన పెద్దలు పెట్టిన పేరు ఎంత ఖచ్చితమైనదో! ఇంతలోనూ మెదడు తెలివి చెడదు. రోగికి అంతా తెలుస్తూనే ఉంటుంది, నొప్పి కూడా. అందుకే అటువంటివారిని చీకటిగా, నిశ్శబ్దముగా ఉండే గదిలో ఉంచుతారు. తలుపు చప్పుడైనా వెన్నుపాముకు ఒక ఊఁ లెక్కే, దానిని ఆపే ఊహూఁ అక్కడ లేదు.

దీనికి కావలసిన విషము ఎంత అనుకుంటున్నారు? ఒక గ్రామును పది లక్షల భాగములు చేసి, అందులో ఒక భాగమును తీసుకొని, దానిని ఆరు ఏడు ముక్కలు చేస్తే ఒక ముక్క. పెద్ద మనిషి ప్రాణము తీయడానికి అది చాలునని అంచనా. అంత స్వల్పము గనుకనే మన శరీరము దానిని శత్రువుగా గుర్తుపెట్టుకోలేదు. ధనుర్వాతము వచ్చి బ్రతికి బయటపడినవారికి కూడా అది మరల రావచ్చు.

బొడ్డు పచ్చిగా ఉన్న రోజులు

ఈ రోగము ఎక్కువగా ఎత్తుకుపోయినది పసికందులను. ప్రపంచము మొత్తము మీద 1988 ఒక్క సంవత్సరములో 7,87,000 మంది శిశువులు దీనితో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కాన్పు ఇంట్లో జరిగేది, బొడ్డును కొడవలితోనో వెదురు బద్దతోనో కోసేవారు, కోసిన చోట పేడో బూడిదో పెట్టేవారు. చెడ్డ ఉద్దేశముతో కాదు, తల్లుల నాటి నుండి వచ్చిన అలవాటు. బిడ్డ మొదటి రెండు రోజులు బాగా ఏడుస్తుంది, బాగా పాలు తాగుతుంది. మూడో రోజు తరువాత, తరచుగా మొదటి రెండు వారాలలోనే, రొమ్ము పట్టడము మానేస్తుంది. తల్లి పెదవికి ఆనించినా దవడ విడదు. తరువాత బిగుసుకుపోతుంది. చికిత్స అందకపోతే దాదాపు ఎవరూ బ్రతకరు. గాలి సోకిందని, దిష్టి తగిలిందని తిప్పిన ఇండ్లు ఎన్నో. ప్రార్థన చేయవద్దని మేము అనము. కాని పుట్టిన నెలలోపు బిడ్డ పాలు తాగుతూ తాగుతూ మానేసి ఒళ్లు బిగబడితే, ముందు 108కు ఫోను చేయండి, ప్రార్థన ఆ బండిలో కూర్చుండి చేయండి.

తల్లికి వేసిన సూది బిడ్డను కాపాడుతుంది. ఆమె రక్తములో తయారైన రక్షక పదార్థములు మాయ గుండా కడుపులోని బిడ్డకు చేరుతాయి, బిడ్డ వాటితోనే పుడుతుంది. మొదటిసారి గర్భవతికి నాలుగు వారాల ఎడముతో రెండు సూదులు వేస్తారు. ఒకప్పుడు టీటీ అనేవారు, ఇప్పుడు కంఠసర్పి రోగమునకు కూడా కలిపి టీడీ అంటున్నారు. ఆ సూదుల వలన, ఆసుపత్రి కాన్పుల వలన, శుభ్రమైన బ్లేడు వలన తల్లీ శిశువుల ధనుర్వాతము మన దేశములో అదుపులోనికి వచ్చిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది. అంటే ప్రతి జిల్లాలోను వెయ్యి కాన్పులకు ఒక్కటికన్న తక్కువ అయ్యిందని అర్థము. మట్టిలో సూక్ష్మజీవి లేకుండా పోయిందని కాదు, అది ఎన్నటికీ పోదు. ఇది ఒకరి నుండి ఒకరికి అంటే రోగము కాదు గనుక ఊరంతా సూది వేయించుకున్నా, వేయించుకోని ఒక్కరిని ఆ ఊరు కాపాడలేదు.

ఇక్కడే మనకు ఒక దిగులు ఉన్నది. పసిపిల్లలకు 6, 10, 14 వారాలలో సూదులు ఉన్నాయి. ఏడాదిన్నర ప్రాయములో, అయిదేండ్లకు, పదేండ్లకు, పదహారేండ్లకు మరల ఉన్నాయి. గర్భిణులకు ఉన్నాయి. నలభై దాటిన రైతుకు, కూలికి, ఇంట్లో పెద్దాయనకు సూది గుర్తుకు వచ్చేది ముల్లు దిగినప్పుడే, అది కూడా నొప్పి తగ్గకపోతేనే. పదేండ్లకు ఒకసారి సూది వేయించుకోవాలన్న సంగతి మన ఇండ్లలో ఎంత మందికి తెలుసు? గాయమైతే సబ్బుతో, ధారగా పోసే నీటితో కడగండి. పేడ, మట్టి, బూడిద పెట్టకండి. గాయము మురికిగా, లోతుగా ఉండి చివరి సూది వేసి అయిదేండ్లు దాటితే మరల వేయించుకోవాలి. అసలు ఎప్పుడూ వేయించుకోనివారికి సూదితోబాటు విషమును విరిచే మందు కూడా ఇస్తారు. 1890లో బెహ్రింగ్, కితసాటో అనే ఇద్దరు జంతువుల రక్తములో మొదట కనుగొన్నది ఈ విరుగుడు పదార్థమునే.

ఆ విరుగుడు రక్తములో తిరుగుతున్న విషమును పట్టుకుంటుంది, నరములోనికి ఎక్కిపోయినదానిని పట్టుకోలేదు. అందుచేత ఆలస్యమునకు ఇంత ధర. రోగము ముదిరిన తరువాత వైద్యులు చేయగలిగినది, నోటికి కట్టుపడిన కణములు తేరుకునేదాకా మనిషిని బ్రతికించి ఉంచడమే. డయజిపామ్ వంటి మందులు మిగిలి ఉన్న కొద్దిపాటి ఊహూఁలను బిగ్గరగా వినిపిస్తాయి. ఊపిరి కండలు కూడా బిగిస్తే యంత్రముతో ఊపిరి పోయిస్తారు. కణపు కొసలు మరల గ్లైసిన్‌ను వదలగలిగే స్థితికి రావడానికి వారాలు పడుతుంది, ఒక్కొక్కసారి నెలలు. మొదట ఎగురుళ్లు తగ్గుతాయి, తరువాత బిగువు కొంచెము కొంచెముగా వదులౌతుంది. ఇంటికి పంపేముందు ఆ మనిషికి ధనుర్వాతపు సూదులు తప్పక మొదలుపెడతారు. అంతకుముందు ఎప్పుడూ వేయించుకోనివారైతే రెండోది నాలుగు వారాలకు, మూడోది ఆరు నెలల నుండి ఏడాదిలోపు. ఆ తేదీలు రాసి ఇచ్చిన కాగితమును ఇంట్లో గోడ కాలెండరుకు పిన్ను పెట్టి ఉంచండి.